గాలి పరుపు పంపించాం, మరి గాలి చూసేదెవరు?

(మా తెలుగు రేడియో వారాంతపు కార్యక్రమంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)



ఈ కార్యక్రమంలో మీరు మామూలుగా పాటలు, పండుగ కబుర్లు, వీసా సంగతులు వింటుంటారు. ఈ రోజు నాకిచ్చిన 20 నిమిషాల్లో మనం నలుగురిలో ఎత్తని విషయం ఒకటి మాట్లాడదామని వచ్చాను. మంచాన పడ్డ పెద్దవాళ్ళకి వచ్చే పడకపుండ్లు, అంటే మనందరం బెడ్‌సోర్స్ అనేవి, అవి రాకుండా వాడే గాలి దిండ్లు, గాలి పరుపుల గురించి. వినడానికి ఇంపైన విషయం కాదు. కానీ మన అమ్మానాన్నలు డెబ్భై దాటుతున్నారు. ఎవరో ఒకరి ఇంట్లో తుంటి ఎముక విరగడం, పక్షవాతం రావడం, నెలల తరబడి మంచం మీద ఉండిపోవడం వింటూనే ఉన్నాం. అప్పుడు కాలూ చెయ్యీ ఆడక వెతుక్కునే కంటే ముందే నాలుగు ముక్కలు తెలిసి ఉండడం మంచిది కదండీ.

ముందే చెప్పేస్తాను, నేను డాక్టర్ని కాను. సెయింట్ లూయిస్‌లో కంప్యూటర్ కన్సల్టెంటుగా పనిచేస్తున్నాను. మా నాన్నగారు మంచాన ఉన్న రోజుల్లో డాక్టర్ల దగ్గర, నర్సుల దగ్గర నేర్చుకున్నవీ, తర్వాత కుతూహలం కొద్దీ చదువుకున్నవీ మీతో పంచుకుంటాను. మీ ఇంట్లో మనిషి సంగతి మీ డాక్టరుగారినే అడగండి. ఏం అడగాలో తెలియడానికి ఈ ప్రసంగం పనికొస్తే చాలు.

మొదట ఈ పుండు ఎలా వస్తుందో చూద్దాం. చాలామంది ఇది చర్మరోగం అనుకుంటారు, లేదా శుభ్రత లేక వచ్చిందనుకుంటారు. అసలు కారణం ఒత్తిడి. ఎముకకీ పరుపుకీ మధ్య చర్మం, కండ నలుగుతాయి. అక్కడి సన్నటి రక్తనాళాలు మూసుకుపోతాయి. రక్తం అందని కండ కొన్ని గంటల్లో చచ్చిపోవడం మొదలుపెడుతుంది. మనకి ఇలా ఎందుకు జరగదంటే, నిద్రలో కూడా మనం తెలియకుండానే అటూ ఇటూ దొర్లుతుంటాం. సినిమాహాల్లో మూడు గంటలు కూర్చున్నా పదిసార్లు సర్దుకుంటాం. పక్షవాతం వచ్చిన మనిషికి కదిలే శక్తి ఉండదు, ఒక్కోసారి అక్కడ నొప్పి కూడా తెలియదు.

1930లో యూజీన్ లాండిస్ అనే శాస్త్రవేత్త సన్నటి గాజు సూదితో ఆరోగ్యవంతుల గోరు మొదట్లో ఉన్న రక్తకేశనాళికల్లో ఒత్తిడి కొలిచాడు. ధమని వైపు సుమారు 32 మిల్లీమీటర్ల పాదరసం అని తేలింది. బి.పి. చూసేటప్పుడు 120, 80 అంటాం చూశారా, అదే కొలత. బయటినుంచి పడే ఒత్తిడి దీన్ని దాటితే రక్తప్రవాహానికి ఇబ్బంది అని ఆ 32 అంకె చాలాకాలం వైద్యుల నోళ్ళలో నానింది. అది అందరికీ వర్తించే గీత కాదు. నీరసించిన ముసలివాళ్ళకి అంతకంటే తక్కువ ఒత్తిడే చాలు. 1959లో మైకేల్ కోసియాక్ అనే ఆయన జంతువుల మీద పరిశోధన చేసి రెండో సంగతి చెప్పాడు. ఎక్కువ ఒత్తిడి కొద్దిసేపు పడినా, తక్కువ ఒత్తిడి చాలాసేపు పడినా హాని జరుగుతుందని. అంటే ఎంత బరువు అన్నదొక్కటే కాదు, ఎంతసేపు అన్నది కూడా లెక్కే.

ఇంకో కష్టం ఏమిటంటే, ఈ హాని చాలాసార్లు లోపల ఎముక దగ్గర మొదలై బయటికి వస్తుంది. పైన చర్మం బాగానే కనిపిస్తుంటుంది, రెండు మూడు రోజుల తర్వాత ఊదారంగు మచ్చ తేలుతుంది. అప్పుడు ‘నిన్నటిదాకా ఏమీ లేదే’ అని ఇంట్లోవాళ్ళు ఆశ్చర్యపోతారు. అమెరికాలో ఈ విషయం చూసే నిపుణుల సంఘం 2016లో ‘ప్రెషర్ అల్సర్’ అనే పేరు తీసేసి ‘ప్రెషర్ ఇంజురీ’ అని మార్చింది. చర్మం చిట్లకముందే దెబ్బ తగిలి ఉండొచ్చు కాబట్టి.

ఎక్కడెక్కడ వస్తాయంటే, వెల్లకిలా పడుకునేవాళ్ళకి నడుం కింద పిరుదుల మధ్య ఎముక దగ్గర, మడమలకి, తల వెనక, భుజాల వెనక. పక్కకి తిరిగి పడుకుంటే తుంటికి, చీలమండకి. చక్రాల కుర్చీలో కూర్చునేవాళ్ళకి కూర్చునే ఎముకల కింద. ఈ పేర్లు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం వస్తాయి.

ఇప్పుడు గాలి సంగతికొద్దాం. గాలి ఎందుకు సాయం చేస్తుంది? చిన్న లెక్క చెబుతాను. 60 కిలోల మనిషి కూర్చుంటే బరువంతా సీటు మీదే పడిందనుకోండి. ఒంటికి సీటు ఆనిన చోటు 1000 చదరపు సెంటీమీటర్లయితే సగటు ఒత్తిడి 44 మిల్లీమీటర్లు. ఆనిన చోటు 1500కి పెరిగితే అది 29కి పడిపోతుంది. బరువు అదే, మనిషి అదే. గట్టి చెక్క మీద ఎముక కింద ఒత్తిడి ఈ సగటుకి ఎన్నో రెట్లు ఉంటుంది. గాలి ఉన్న దిండులోకి మనిషి కాస్త దిగితే దిండు ఒంటి ఒంపులకి తగ్గట్టు వంగి నలువైపులా ఆనుతుంది. మనం స్కూల్లో చదివిన పాస్కల్ సూత్రం ప్రకారం లోపలి గాలి ఒత్తిడి అన్ని వైపులా సమానమవుతుంది. ఎముక ఒక్కటే బరువు మొయ్యనక్కర్లేదు.

ఇక్కడ ‘దిగితే’ అన్న మాట ముఖ్యం. దిండులోకి మనిషి దిగకపోతే గాలి ఉన్నా లేనట్టే.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. 1830ల్లోనే నీల్ ఆర్నాట్ అనే స్కాట్లండ్ వైద్యుడు పడకపుండ్ల కోసం నీళ్ళు నింపిన పడక తయారుచేశాడు. మన మెడికల్ షాపుల్లో ఈనాటికీ దొరికే వాటర్ బెడ్ దాని మనవడే అనుకోవచ్చు. చక్రాల కుర్చీలో వాడే గాలి దిండుకి మా సెయింట్ లూయిస్ పక్కనే పుట్టినిల్లు. మిసిసిపి నది దాటి కాసేపు కారులో వెళ్తే ఇల్లినాయ్‌లో బెల్విల్ అనే ఊరొస్తుంది. అక్కడి రాబర్ట్ గ్రేబ్ అనే ఇంజనీరు గుడ్ల అట్టలా వరసలు వరసలుగా రబ్బరు గాలిగదులున్న దిండు తయారుచేసి, 1973లో రోహో అనే కంపెనీ పెట్టాడు. గదులన్నీ లోపల ఒకదానికొకటి కలిసి ఉంటాయి. మనిషి కూర్చుంటే గాలి ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోయి, ఒంటి ఒంపుకి సర్దుకుంటుంది. 2015లో ఆ కంపెనీని స్వీడన్‌కి చెందిన పెర్మొబిల్ కొనేసింది. ఇప్పుడిలాంటి దిండ్లు చాలా కంపెనీలు చేస్తున్నాయి.

ఇక రెండో రకం, మన ఇళ్ళలో ఎక్కువగా కనిపించేది, మోటారున్న గాలి పరుపు. దీన్ని మామూలు పరుపు మీద పరుస్తారు. చవక రకంలో బుడగలు బుడగలుగా ఉంటుంది, మంచి రకంలో అడ్డంగా గొట్టాలుంటాయి. మంచం కాళ్ళ వైపు తగిలించిన చిన్న మోటారు సగం గదుల్లో గాలి నింపి, మిగతా సగంలో తీసేస్తుంది. సుమారు 10 నిమిషాలకోసారి అటుది ఇటు, ఇటుది అటు మారుతుంది. అలా ఒంట్లో ఏ చోటా ఒకేచోట ఒత్తిడి నిలవకుండా చూస్తుంది. ఇందాక చెప్పుకున్న ‘ఎంతసేపు’ అన్న లెక్కకి ఇది సమాధానం.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. మా నాన్నగారికి 2021లో పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. తెనాలి దగ్గర మా ఊళ్ళో అన్నయ్య, వదిన చూసుకున్నారు. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజే గాలి పరుపు తెప్పించాం. షాపు కుర్రాడొచ్చి అమర్చి, మోటారు మీదున్న మీటని చివరిదాకా తిప్పి, ‘ఫుల్ గాలి పెట్టానండీ, ఇంక మీకు బెంగ లేదు’ అని చెప్పి వెళ్ళాడు. అందరం నిశ్చింతగా ఉన్నాం. వారం తిరక్కుండా ఇంటికొచ్చి డ్రెస్సింగ్ చేసే నర్సమ్మ ఒకావిడ పరుపు మీద చెయ్యి వేసి చూసి, ‘ఇదేమిటండీ అమ్మా, బల్లలా ఉంది, పెద్దాయన దీని మీద తేలుతున్నారు’ అంది. చెయ్యి పరుపు కింద దూర్చి, మీట కొంచెం కొంచెం తగ్గించుకుంటూ పోయి, ఒకచోట ఆపింది. మా వదిన చెయ్యి కూడా పట్టుకుని అక్కడ పెట్టించింది. ‘రోజూ పొద్దున్నే ఇలా చూడండమ్మా, కాఫీ పెట్టుకునే ముందు’ అంది. వదిన నాన్నగారు పోయేదాకా, అంటే రెండేళ్ళపాటు, ఒక్కరోజు మానలేదు. ఆయనకి మడమ దగ్గర ఒక్కసారి కందింది గానీ పుండు పడలేదు.

ఆ నర్సమ్మ చేసిన పని ఇప్పుడు మీకు విడమరిచి చెబుతాను. కాగితం, పెన్ను ఉంటే రాసుకోండి.

పరుపు అయితే, మనిషి పడుకుని ఉండగా, మీ అరచెయ్యి పైకి ఉండేలా పరుపుకి అడుగున, నడుం కింది ఎముక ఉండే చోటికి దూర్చండి. మీ చేతికీ ఎముకకీ మధ్య కనీసం ఒక అంగుళం మందాన గాలి తగలాలి. ఎముక నేరుగా చేతికి తగిలినట్టుంటే గాలి చాలదు, మనిషి అడుగుకి ఆనిపోయాడన్నమాట. అలాగని మీటని చివరిదాకా తిప్పకూడదు. పరుపు రాయిలా ఉండి మనిషి పైన తేలుతుంటే, ఆనే చోటు తగ్గి ఒత్తిడి పెరుగుతుంది. అడుగు తగలకుండా ఎంత మెత్తగా ఉండగలదో అంత మెత్తగా పెట్టాలి. మనిషిని ఎత్తి కూర్చోబెట్టినప్పుడు బరువు ఒకేచోట పడుతుంది కాబట్టి మళ్ళీ చూడాలి.

కుర్చీ దిండు అయితే, ముందు గాలి కాస్త ఎక్కువగానే నింపి మనిషిని కూర్చోబెట్టండి. ఆ మనిషి పిరుదుకీ దిండుకీ మధ్యన చెయ్యి పెట్టి, అన్నిటికంటే కిందికి వచ్చిన ఎముక ఎక్కడుందో వెతకండి. అక్కడ చెయ్యి ఉంచి, మెల్లగా గాలి వదలండి. దిండు అడుగుకీ ఆ ఎముకకీ మధ్య అర అంగుళం నుంచి ఒక అంగుళం మిగిలినప్పుడు ఆపి, మూత బిగించండి. దీనికి యంత్రం ఏదీ అక్కర్లేదు, వేళ్ళు చాలు. రోజుకోసారి చూడాలి, ఎందుకంటే ఏ రబ్బరు దిండులోంచైనా గాలి మెల్లమెల్లగా తగ్గుతుంది.

విమానం ప్రయాణం ఉంటే ఇంకో జాగ్రత్త. పైకి వెళ్ళాక క్యాబిన్‌లో గాలి ఒత్తిడి తగ్గుతుంది, దిండులో గాలి వ్యాకోచించి గట్టిపడుతుంది. అప్పుడు కొంచెం వదలాలి. దిగాక మళ్ళీ నింపాలి, లేకపోతే మెత్తబడి అడుగు తగులుతుంది. అమ్మనో నాన్ననో చక్రాల కుర్చీలో హైదరాబాద్ నుంచి తీసుకొచ్చేవాళ్ళు ఇది మర్చిపోవద్దు.

ఇప్పుడు మనవాళ్ళు ఎంతో మంచి మనసుతో కొనే ఒక వస్తువు సంగతి. గారెలా మధ్యలో చిల్లు ఉన్న గుండ్రటి గాలి దిండు. పుండు ఉన్న చోటు చిల్లులోకి వస్తుంది, దేనికీ తగలదు కదా అని కొంటారు. జరిగేది వేరు. చిల్లు చుట్టూ ఉన్న వలయం మీద బరువంతా పడి, మధ్య భాగానికి రక్తం వచ్చే దారులు నొక్కుకుపోతాయి. చర్మం చిల్లులోకి జారి సాగుతుంది. అంతర్జాతీయ మార్గదర్శకాలు పడకపుండ్లకి ఈ వలయం దిండ్లు వాడొద్దనే చెబుతున్నాయి. మడమల కింద నీళ్ళు నింపిన రబ్బరు గ్లౌజు పెట్టడం కూడా అలాంటిదే, వద్దు.

గాలి పరుపు ఉన్న ఇంట్లో చిన్న చిన్న విషయాలు కొన్ని. పరుపు మీద రబ్బరు షీటు, దాని మీద దుప్పటి, దాని మీద పాత చీర మడత, ఇలా మూడు నాలుగు పొరలు వేస్తే గాలి చేసే పని ఒంటిదాకా రాదు, చెమట కూడా చేరుతుంది. ఒక్క పల్చటి దుప్పటి వదులుగా వేస్తే చాలు. దాన్ని బిగించి దోపితే ఉయ్యాల గుడ్డలా సాగిపోయి మనిషిని పైకి ఎత్తేస్తుంది. మోటారు ట్యూబు మంచం కోడు కింద నలగకుండా చూడండి. పిన్నీసులు, కత్తెర, అగరొత్తులు, దోమల చుట్ట దగ్గర ఉంచొద్దు. కరెంటు పోతే మోటారు ఆగిపోతుంది. ఇన్వర్టరుంటే దానికి కలపండి. లేకపోతే గాలి నిలవడానికి ట్యూబుకి మూత ఉందేమో కొనేటప్పుడే అడగండి. కరెంటు లేనంతసేపు మనిషిని మనమే తిప్పాలి.

ఇంత చెప్పాక మరో మాట చెప్పాలి. గాలి పరుపు గొప్ప విషయమే, కానీ మనం ఊహించినంత కాదు. బ్రిటన్‌లో 2 వేలకు పైగా రోగుల మీద ఒక పెద్ద పరిశోధన జరిగింది, ఫలితాలు 2019లో వచ్చాయి. మోటారు గాలి పరుపుకీ, మంచి రకం ఫోమ్ పరుపుకీ పోల్చి చూస్తే తేడా చాలా చిన్నదిగానే తేలింది. కాబట్టి ఖరీదైన పరుపు కొనలేకపోయామే అని ఎవరూ కుమిలిపోనక్కర్లేదు. ఖరీదైనది కొన్నవాళ్ళు ధీమాగా ఉండకూడదు కూడా. సినిమాల్లో సూపర్‌మాన్‌గా వేసిన క్రిస్టఫర్ రీవ్ మీకు గుర్తుండే ఉంటాడు. గుర్రం మీంచి పడి మెడ కింద చచ్చుబడ్డాక, ఆయనకి డబ్బుకీ పరికరాలకీ మనుషులకీ లోటు లేదు. అయినా 2004 అక్టోబరులో పడకపుండు ఇన్ఫెక్షనుకి చికిత్స పొందుతూ, గుండె ఆగి 52 ఏళ్ళకే పోయాడు.

మరి పరుపుతో పాటు ఏం కావాలి? మొదటిది తిప్పడం. రెండో ప్రపంచయుద్ధంలో వెన్నెముక దెబ్బతిన్న సైనికులు ఎక్కువగా పడకపుండ్లతోనూ మూత్రపిండాల జబ్బుతోనూ పోయేవారు. 1944లో ఇంగ్లండులో స్టోక్ మాండవిల్ ఆస్పత్రిలో లుడ్విగ్ గుట్‌మన్ అనే డాక్టరు వాళ్ళని రాత్రింబవళ్ళు రెండు గంటలకోసారి తిప్పించాడు. పారాలింపిక్స్‌కి మూలపురుషుడు ఈయనే. రెండు గంటల లెక్క అందరికీ శిలాశాసనమా అంటే కాదు. 2013లో అమెరికా, కెనడా నర్సింగ్ హోముల్లో మంచి ఫోమ్ పరుపుల మీద ఉన్నవాళ్ళని రెండు, మూడు, నాలుగు గంటలకోసారి తిప్పి చూస్తే పెద్ద తేడా కనిపించలేదు. మీ వాళ్ళకి ఎన్ని గంటలన్నది డాక్టరుతో మాట్లాడి ఒక లెక్క పెట్టుకోండి. రాత్రి చూసేవాళ్ళకి కాస్త నిద్ర దొరికితే వాళ్ళు పదికాలాలపాటు చూడగలుగుతారు. కుర్చీలో ఉన్నవాళ్ళు అయితే 15 నుంచి 30 నిమిషాలకోసారి ముందుకో పక్కకో వంగి బరువు మార్చాలి.

పక్కకి తిప్పేటప్పుడు పూర్తిగా తుంటి మీద నిలబెట్టకుండా, వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీలు వాలిస్తే చాలు. తలవైపు కూడా, అన్నం తినే సమయంలో తప్ప, 30 డిగ్రీలకి మించి ఎత్తకపోవడం మంచిది. ఎక్కువ ఎత్తితే మనిషి కిందికి జారుతాడు. చర్మం పరుపుకి అంటుకుని ఉండగా లోపలి ఎముక జారి, మధ్యలో కండ సాగి చిరుగుతుంది. పైకి జరిపేటప్పుడు చంకల కింద పట్టి ఈడ్చకండి, దుప్పటితో సహా ఇద్దరు కలిసి ఎత్తండి. మడమలకి ఏ పరుపూ చాలదు. పిక్కల కింద పొడుగ్గా దిండు పెట్టి, మడమలు గాల్లో ఉండేలా చూడాలి.

రెండోది, రాపిడి. మనకి నూనె రాసి మర్దనా చెయ్యడం ప్రేమకి గుర్తు. చేతులకీ కాళ్ళకీ చెయ్యండి, తప్పు లేదు. కానీ ఎముక పైన కందిన చోట రుద్దొద్దు. లోపల అప్పటికే నలిగిన కండ ఇంకా నలుగుతుంది. పౌడరు దట్టంగా చల్లడం కూడా అలవాటే. అది ఒత్తిడిని తగ్గించదు, తడిస్తే ఉండలు కట్టి ఒరుసుకుంటుంది. మలమూత్రాల తడి ఎప్పటికప్పుడు తుడిచి పొడిగా ఉంచండి.

మూడోది, తిండి. జబ్బు మనిషి కదా అని పథ్యం పేరుతో నెలల తరబడి చారన్నం, ఇడ్లీ పెడతాం. కండ కట్టడానికి మాంసకృత్తులు కావాలి. పుండు పడే ప్రమాదం ఉండి, చిక్కిపోయిన పెద్దవాళ్ళకి కిలో బరువుకి రోజుకి 1.25 నుంచి 1.5 గ్రాముల దాకా ప్రొటీను సూచిస్తారు. 60 కిలోల మనిషికి 75 నుంచి 90 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములే, ఇంక చారన్నంలో ఏముంటుంది చెప్పండి. ముద్దపప్పు, పెరుగు, గుడ్డు, చేప, ఏది సరిపడితే అది. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళు, పక్షవాతం తర్వాత మింగడం కష్టమైనవాళ్ళు మాత్రం డాక్టరునడిగి పెట్టాలి.

నాలుగోది మనవాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాల్సింది. పుస్తకాల్లో ‘ఎర్రబడితే జాగ్రత్త, వేలితో నొక్కితే తెల్లబడకపోతే ప్రమాదం’ అని రాస్తారు. అది తెల్లచర్మం వాళ్ళని చూసి రాసింది. మన చామనఛాయ ఒంటి మీద ఎరుపు సరిగ్గా కనపడదు, నొక్కినా తెల్లబడడం తెలియదు. చుట్టుపక్కల చర్మం కంటే నల్లబడిందా, ఊదాగా ఉందా, వెచ్చగా గానీ చల్లగా గానీ ఉందా, గట్టిగా గానీ మెత్తబడిపోయి గానీ ఉందా, ముట్టుకుంటే నొప్పంటున్నారా, ఇవి చూడాలి. ట్యూబులైటు కింద కాకుండా కిటికీ వెలుతుర్లో, చేత్తో తాకి చూడాలి. చర్మం చిట్లినా, వాసన వచ్చినా, చీము పట్టినా, నల్లటి పెచ్చు కట్టినా, జ్వరం వచ్చినా ఇంటి వైద్యం వద్దు. అదే రోజు డాక్టరుకి చూపించండి.

ఇక మనలాంటి దూరాన ఉన్నవాళ్ళ సంగతి. మా వృత్తిలో ఒక మాట అనుకుంటాం. బ్యాకప్ డిస్కు కొన్నంత మాత్రాన బ్యాకప్ ఉన్నట్టు కాదు, అప్పుడప్పుడు అందులోంచి ఫైలు వెనక్కి తెచ్చి చూస్తేనే ఉన్నట్టు. ఇక్కడ కూర్చుని ఒక్క క్లిక్కుతో ఇంటికి గాలి పరుపు పంపించగలం. దాని కింద రోజూ చెయ్యి పెట్టి చూసే మనిషి లేకపోతే అది వట్టి ప్లాస్టిక్కు.

అందుకని ఇంటికి ఫోన్ చేసినప్పుడు ‘నాన్న ఎలా ఉన్నారు’ అంటే ‘బాగానే ఉన్నారు’ అనే జవాబే వస్తుంది. దానికి బదులు ఇలా అడగండి. ఇవాళ నడుం కింద, తుంటి, మడమలు వెలుతుర్లో చూశారా? నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఏమైనా ఉందా? పరుపు కింద చెయ్యి పెడితే అంగుళం గాలి ఉందా? మోటారు ఆడుతోందా, ట్యూబు మడత పడలేదు కదా? రాత్రి ఎన్నిసార్లు తిప్పారు? నిన్న పప్పూ, గుడ్డూ ఏమైనా తిన్నారా? ఈ ఆరూ చాలు. కానీ పోలీసు విచారణలా అడక్కండి. అక్కడ వదినో, చెల్లెలో, అమ్మో రాత్రి మూడింటికి లేచి తిప్పి ఉంటుంది. అన్నిటికంటే ముందు ఏడో ప్రశ్న అడగండి, ‘నువ్వు నిద్రపోయావా?’ అని. లేదనే సమాధానం వస్తే ఇంకో పరికరం పంపించకండి. ఆ డబ్బుతో రాత్రిపూట సాయానికి ఒక మనిషిని పెట్టించండి. పుండు రాకుండా ఆపడంలో అదే పెద్ద ఖర్చు, అదే పెద్ద సాయం కూడా.

పెద్దవాళ్ళు ఇక్కడే మీ దగ్గరున్నట్టయితే, మెడికేర్ ఉన్నవాళ్ళకి డాక్టరు అవసరమని రాసిస్తే, షరతులకి లోబడి పార్ట్ బి కింద కొన్ని రకాల గాలి పరుపులకి సాయం అందుతుంది. మామూలుగా డిడక్టిబుల్ పోను 80 శాతం మెడికేర్ భరిస్తే, 20 శాతం మనం పెట్టుకోవాలి. కొనేసి తర్వాత బిల్లు పంపడం కాకుండా, ముందు డాక్టరునీ, సప్లై చేసేవాళ్ళనీ అడగండి. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళకి మెడికేర్ ఉండదు. వాళ్ళు ఆస్పత్రి పాలైతే నర్సుని మొహమాటపడకుండా అడగండి, ‘మా నాన్నగారికి పడకపుండు ప్రమాదం ఎంతుందో లెక్క కట్టారా?’ అని. బ్రేడెన్ స్కేల్ అని ఒక కొలత 1987 నుంచి వాడుకలో ఉంది. 6 నుంచి 23 మార్కులు, 18 గానీ అంతకు తక్కువ గానీ వస్తే జాగ్రత్త పడతారు. 2008 అక్టోబరు నుంచి, ఆస్పత్రిలో చేరాక వచ్చిన తీవ్రమైన పడకపుండుకి అయ్యే అదనపు ఖర్చు మెడికేర్ ఆస్పత్రికి ఇవ్వడం మానేసింది. కాబట్టి వాళ్ళు కూడా ఈ ప్రశ్నని తేలిగ్గా తీసుకోరు. ఇంటికి పంపించే రోజున పరుపు కింద చెయ్యి ఎలా పెట్టాలో మీ చేత ఒకసారి చేయించమని నర్సుని అడగండి. ఐదు నిమిషాల పని.

మన పెద్దవాళ్ళు చాలామంది నొప్పి చెప్పరు. పిల్లలకి ఇబ్బంది అని చెప్పరు, సిగ్గుపడి చెప్పరు, పక్షవాతం వల్ల మాట రాక కూడా చెప్పలేరు. కాబట్టి వాళ్ళు చెప్పేదాకా ఆగకుండా మనమే చూడాలి. కొడుకు తల్లిని అక్కడ ఎలా చూస్తాడు, కోడలు మామగారిని ఎలా చూస్తుంది అనే మొహమాటం ఉంటే, ఆయమ్మనో నర్సునో ఆ ఒక్క పనికైనా పెట్టుకోండి. కానీ రోజూ ఎవరో ఒకరు చూసి తీరాలి.

మీ ఇంట్లో అవసరం రాకూడదనే కోరుకుంటాను. వస్తే మాత్రం ఆ అంగుళం లెక్క, ఆ ఏడు ప్రశ్నలు గుర్తుంచుకోండి. ఈ మాటలు వినని మీ స్నేహితులకి కూడా చెప్పండి.